ముక్కుకు అధికారం లేదు

ఒక పెద్ద అడవిలో నూకయ్య అనే ముంగిసకు ఉద్యోగం ఉండేది, ముక్కు కూడా ఉండేది. ఉద్యోగంలో ముక్కు వాడే అధికారం మాత్రం ఉండేది కాదు. ఆ అధికారం రావడానికి మూడు ఒప్పందాలు పట్టాయి. వచ్చాక అది ఎంత దూరం పనిచేసిందన్నదే ఈ కథ.

ఆ అడవిలో నిప్పు మొదట పులిగారికి దొరికింది. పిడుగు పడి మద్దిచెట్టు కాలుతుంటే ఒక కొరివి నోట కరుచుకొచ్చి తన గుహలో పెట్టుకున్నారు. మర్నాడు ఎందుకో కోపమొచ్చి ఎదురుగుట్ట మీద దుప్పుల పొద తగలబెట్టారు. ఆ పొదలో ఎవరూ మిగల్లేదు.

అది చూసి ఏనుగుగారు ఒక కొరివి తెచ్చుకున్నారు. ఏనుగుగారిని చూసి ఎలుగుబంటిగారు ఇంకొకటి తెచ్చుకున్నారు. ముగ్గురి దగ్గరా నిప్పు చేరాక ముగ్గురికీ ఒకేసారి శాంతి మీద ప్రేమ పుట్టింది. సభ పెట్టారు.

"నిప్పు చాలా ప్రమాదం," అన్నారు పులిగారు. "దాన్ని ఎవరూ ఉంచుకోకూడదు. ఇప్పటికే ఉన్నవాళ్లు తప్ప."

కుందేలు సీతాలు వెనక వరసలోంచి లేచింది. "దొరా, మా పిల్లలకు పచ్చి దుంప అరగడం లేదు. కాల్చి పెడితే తింటారేమోనని..."

"ఎందుకు కాదు? దుంపలకైతే మేమే ఒక నిప్పుకణిక ఇస్తాం. పక్కవాడి పొద కాల్చనని ప్రమాణం చేసి పట్టుకెళ్లు. ఇచ్చిన కణికను దుంపలకే వాడుతున్నారో లేదో చూడ్డానికి ఒక తనిఖీదారు వస్తాడు."

"మీ గుహలకూ వస్తాడా?" అన్నాడు అడవిపంది గవర్రాజు.

సభ కార్యదర్శి వల్లభరావు అనే కొంగ. ఎప్పుడూ ఒంటికాలి మీదే నిలబడేవాడు. రెండో కాలు ఎటు వేయాలో పెద్దలు చెప్పాక వేద్దామని అలవాటు చేసుకున్నాడు. "గవర్రాజుగారూ, పెద్దల దగ్గరున్నది నిప్పు కాదండీ, బాధ్యత," అన్నాడు. "బాధ్యతకు తనిఖీ ఉండదు."

తనిఖీదారు ఉద్యోగానికి నూకయ్య తానుగా వెళ్లాడు. పులిగారి కొండకూ గవర్రాజు గుహకూ మధ్యనున్న బోదగడ్డిలో అతని కలుగు. మాఘం దాటితే ఆ గడ్డి పట్టుకుంటే పొడైపోయేంత ఎండుతుంది. భార్య పైడమ్మ అప్పుడే నలుగురు పిల్లల్ని కన్నది. వాళ్లకింకా కళ్లు తెరుచుకోలేదు. చుట్టూ ఎవరింట్లో ఎంత నిప్పుందో తెలిస్తే తప్ప నూకయ్యకు కంటిమీద కునుకు పట్టేలా లేదు.

"నీకేం అర్హత?" అని అడిగాడు వల్లభరావు.

"వాసన పడతానండి. అటు కొండవాలులో ఎవరైనా పొయ్యి రాజేస్తే ఇక్కడ్నుంచే చెప్పగలను."

ఆ ముక్కు చూసే ఉద్యోగం ఇచ్చారు. ఈ సంగతి తర్వాత ఎవరికీ గుర్తులేదు.

మొదటి ఒప్పందంలో షరతు ఒక్కటే. పెద్దలు ఇచ్చిన కణికను తనిఖీదారు చూడాలి. సీతాలు ఇంటికి వెళితే ఆమె కణికను చూపించేది, పొయ్యిని చూపించేది, కాల్చిన దుంపలను, వాటి తొక్కలను కూడా చూపించేది. "రా అన్నయ్యా, వేడిగా ఉంది, తిని వెళ్లు," అనేది. అన్నీ చూసి, తిని, వచ్చేసరికి పొద్దు వాలేది.

దుంపలకనే చెప్పి కణిక తీసుకున్న గవర్రాజు ఇంట్లో పని తొందరగా అయ్యేది. కణిక చదునురాయి మీద పెట్టి ఉండేది. ఒకసారి దాని పక్కన ఇంకొకటి కనిపించింది.

"ఇదేంటి గవర్రాజుగారూ?"

"దాని పిల్ల."

"పిల్లేంటి?"

"పెద్దలిచ్చిన కణిక అదిగో, అలాగే ఉంది, చూసుకో. దాని పక్కన పుల్ల పెట్టాను, ఇది పుట్టింది. ఇది ఎవరూ ఇచ్చింది కాదు. నా ఇంట్లో పుట్టింది. ఒప్పందంలో 'ఇచ్చిన కణిక' అనుందా, 'పుట్టిన కణిక' అనుందా?"

నూకయ్య సభకు విన్నవించాడు. నిప్పుకు సంతానం ఉంటుందా, ఉంటే అది తల్లికి చెందుతుందా ఇంటికి చెందుతుందా అని సభ వానాకాలమంతా చర్చించింది. ఈలోగా గవర్రాజు ఇంట్లో మనవలు, మునిమనవలు కూడా పుట్టారు.

చివరికి రెండో ఒప్పందం వచ్చింది. ఇచ్చిందైనా పుట్టిందైనా ఇంట్లో ఉన్న నిప్పంతా లెక్కలోకే వస్తుంది. ఇంటివాడు తన పొయ్యి ఎక్కడుందో తానే చెప్పాలి, తనిఖీదారు ఆ పొయ్యిని చూడాలి. తనిఖీకి వస్తున్నట్టు ముందుగా కాకితో కబురు పంపాలి. చెప్పకుండా ఇంటికి రావడం మర్యాద కాదు కదా అన్నారు ఏనుగుగారు. పులిగారు కూడా మర్యాద ముఖ్యమన్నారు.

కాకి వెళ్లి కబురు చెప్పింది. వెనకాలే నూకయ్య వెళ్లాడు. గవర్రాజు పొయ్యి కడిగిన ముత్యంలా ఉంది. అందులో ఒకే ఒక్క కణిక, దాని మీద ఒకే ఒక్క దుంప. గుహ వెనకభాగానికి అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది. దాని సందుల్లోంచి ఘాటుగా పొగ వాసన వస్తోంది.

"వెనకాల ఏముందండీ?"

"మా అత్తగారు."

"పొగ వాసన వస్తోంది."

"చుట్ట తాగుతుంది."

నూకయ్య ఆలోచించాడు. "చుట్ట ఎలా వెలిగించుకున్నారండీ ఆవిడ?"

"అది ఆవిడ్నే అడగాలి. నిద్రపోతోంది."

"నిద్రలో చుట్ట తాగుతారా?"

"పెద్దావిడ. అలవాట్లు ఒక పట్టాన పోవు."

ఆ సాయంత్రమే గవర్రాజు సభకెళ్లి మొరపెట్టుకున్నాడు. తనిఖీదారు తన పొయ్యిని చూసి ఊరుకోక ముక్కు ఎగబీల్చాడని, తన కుటుంబంలోని ఆడవాళ్ల వాసన చూశాడని అన్నాడు. వల్లభరావు ఒప్పందం పైనుంచి కిందిదాకా చదివాడు. అందులో 'చూచుట' అనే ఉంది. చూసేవి కళ్లు. ముక్కు ప్రస్తావన ఎక్కడా లేదు.

ఇది తేలిగ్గా కొట్టేయాల్సిన మొర అని అందరూ అనుకున్నారు. పులిగారు మాత్రం గంభీరమయ్యారు. "ఇవాళ పంది గుహ దగ్గర ఎగబీల్చిన ముక్కు రేపు ఎక్కడ ఎగబీలుస్తుందో ఎవరికి తెలుసు?" అని ఎలుగుబంటిగారి చెవిలో అన్నారు. ముగ్గురు పెద్దలూ గవర్రాజు పక్షాన చేతులెత్తారు. గవర్రాజే ఆశ్చర్యపోయాడు.

తీర్మానం అయింది. తనిఖీ సమయంలో తనిఖీదారు రెండు ముక్కుపుటాల్లోనూ మోదుగాకు ఉండలు పెట్టుకోవాలి. ఉండలు సభే సరఫరా చేస్తుంది.

మర్నాడు నూకయ్య ఆ ఉండలు తీయడం మర్చిపోయి అలాగే ఇంటికొచ్చాడు. పైడమ్మ కలుగు బయట వంగి గడ్డి పీకుతోంది. తలెత్తి చూసింది.

"ముక్కులో ఆ ఆకులేంటయ్యా?"

"సభవారిచ్చారు."

"ఊపిరి?"

"తనిఖీ అయ్యేదాకా నోటితో."

పైడమ్మ మళ్లీ వంగింది. అప్పటికే కలుగు చుట్టూ గుండ్రంగా నేల బయటపడింది.

"ఈ గడ్డి దేనికి పీకుతున్నావు?" అన్నాడు నూకయ్య.

"ఎండింది కదా. నిప్పు తగిలితే అంటుకుంటుంది. లేకపోతే అంటుకోదు."

"ఒప్పందం ఉండగా గడ్డి పీకడం దేనికి? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"ముంగిస పెళ్లాం గడ్డి పీకుతోందనుకుంటారు."

"నేను తనిఖీదారుని పైడీ. నా ఇంటి చుట్టూనే గడ్డి పీకితే, ఒప్పందం మీద నాకే నమ్మకం లేదంటారు."

"ఉందా?"

ఆ ప్రశ్న తన పరిధిలోకి రాదనిపించి నూకయ్య లోపలికి వెళ్లాడు. పిల్లలకు కళ్లు తెరుచుకుని చాన్నాళ్లయింది. తండ్రి ముక్కు చూసి నవ్వారు.

గవర్రాజు గుట్టు నూకయ్య వల్ల బయటపడలేదు. ఒకరోజు పశ్చిమగాలి గట్టిగా వీచింది. గుహ వెనకనుంచి ముళ్లకంపను తోసుకుంటూ గవర్రాజు అత్తగారు సభామైదానంలోకి పరుగెత్తుకొచ్చింది. అత్తగారు నిజంగానే ఉందని అప్పుడే అందరికీ తెలిసింది. తోకమీద వెంట్రుకలు కాలి ఉన్నాయి.

"ఎన్నిసార్లు చెప్పాను ఈ అల్లుడికి," అంది, చుట్ట నోట్లోంచి తీసి. "నా పక్క చుట్టూ కుప్పలు పెట్టకురా, గాలొస్తే బూడిద ఎగిరిపోతుంది, నేను తగలబడతాను అని. వింటేనా? ఎవడి పొద కాల్చాలో కణిక చేతికొచ్చినప్పట్నుంచీ ఆలోచిస్తున్నాడు, తేల్చుకోలేదు. ఈలోగా నా పక్క కాలిపోయింది."

సభంతా కదిలి వెళ్లి చూసింది. గుహ వెనక బూడిద కుప్పలే కుప్పలు. ప్రతి కుప్పకింద కణకణలాడే నిప్పు. బోదగడ్డి అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉంది. నూకయ్య దాన్ని చూసి, తర్వాత కుప్పల్ని చూశాడు.

"నివురు కప్పి ఉంటే మనకెలా తెలుస్తుంది?" అన్నాడు వల్లభరావు.

"నాకు తెలిసేదండి," అన్నాడు నూకయ్య, ఆకుల్లోంచి గొణుగుతూ.

నిప్పంతా ఏట్లో పోయించారు. గవర్రాజు ముఖం వేలాడేసుకున్నాడు. అప్పుడు వచ్చింది మూడో ఒప్పందం. దాన్ని అడవి మొత్తం పండగలా చేసుకుంది. ఇకనుంచి తనిఖీదారు ముక్కు వాడవచ్చు. కబురు పంపకుండా వెళ్లవచ్చు. పొయ్యి ఒక్కటే కాదు, పక్క, పెరడు, పెరట్లో ఆకు, ఆకుమీద దుమ్ము అన్నీ వాసన చూడవచ్చు. సభ మధ్యలో నిలబెట్టి వల్లభరావు తన ముక్కుతోనే నూకయ్య ముక్కులోని ఉండలు లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఉండలు సభ సొత్తు కాబట్టి వల్లభరావు వాటిని రెక్కకింద దాచాడు.

ఒప్పందం చివర ఒక్క వాక్యం ఉంది. దాన్ని పులిగారే స్వయంగా చెప్పి రాయించారు. 'పై అధికారములేవియు మూడు పెద్ద గుహలకు, వాటి కొండలకు వర్తించవు.'

అయితే పెద్దలు మరీ అంత పెద్దమనసు లేనివాళ్లు కారు. పులిగారు తన కొండ కింద, ఊట పక్కన, ఎప్పుడో వదిలేసిన పాత పొయ్యి ఒకటి తనిఖీకి స్వచ్ఛందంగా ఇచ్చారు. అందులో రెండు వానాకాలాలుగా కప్ప కాపురం ఉంటోంది. నూకయ్య నెలనెలా వెళ్లి కప్పను వాసన చూసి, నిప్పు లేదని ధ్రువీకరించేవాడు. పులిగారి సహకారాన్ని సభ ప్రతిసారీ కొనియాడేది.

మిగిలిన కాలమంతా సీతాలు ఇంట్లోనే గడిచేది. ఆమె ఏదీ దాచదు కాబట్టి అక్కడ చూడాల్సింది ఎక్కువ. పొయ్యి, పొయ్యిపక్క, పిల్లల మూతులు, తొక్కలు, తొక్కలు పారేసిన గుంట. ఒకరోజు ఆమె విసుక్కుంది. "అన్నయ్యా, నేను కాస్త అబద్ధమాడితే నీ పని తగ్గుతుందా?"

"తగ్గుతుందమ్మా," అన్నాడు నూకయ్య. "కానీ నాకు దుంపలు దొరకవు."

వేసవి ముదిరింది. ఒక మధ్యాహ్నం నూకయ్య సీతాలు గుంటలో తొక్కలు వాసన చూస్తున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. గాలిలో సన్నగా ఒక పొగ. దుంపల పొగ కాదు, చుట్ట పొగ కాదు. ఎండిన వేరు లోలోపల రాజుకుంటున్న పాత, మగ్గిన పొగ.

ముక్కు చూపించిన దారిన పరుగెత్తాడు. గవర్రాజు గుహ ఎదురైంది. గవర్రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నాది కాదు," అన్నాడు. "కావాలంటే రా, ఏ మూలైనా చూసుకో. పుట్టాక మొదటిసారి ధైర్యంగా అంటున్నాను."

"నిప్పే లేదు నాయనా," అంది లోపల్నుంచి అత్తగారు. "ఆరిన చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చున్నాను."

నూకయ్య ఆగలేదు. వాసన బోదగడ్డి దాటి, పైకి, పులిగారి కొండమీదికి పోతోంది. సరిహద్దు బండ దగ్గర వల్లభరావు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. పైన గుహ కప్పులోంచి సన్నటి పొగ లేస్తోంది.

"అయ్యా, పులిగారి గుహ కప్పులో వేర్లు రాజుకున్నాయి. కొరివిని కప్పుకు ఆనించి వదిలేసినట్టున్నారు. గాలి తిరిగితే కొండంతా అంటుకుంటుంది. ఒక్కమాట చెప్పివస్తాను."

"ఏ హోదాలో?"

"అంటే?"

"తనిఖీదారువైతే నీకు ఇక్కడ వాసన రాకూడదు. వర్తించదని రాసుకున్నాం."

"ముంగిసగా చెబుతాను."

"ముంగిసలకు పులిగారి దర్శనం పున్నమి వెళ్లాక." వల్లభరావు పైకి చూశాడు. పొగ అతనికీ కనిపిస్తోంది. కాలు మార్చుకున్నాడు. "నేనేం కాదనడం లేదు నూకయ్యా. పొగ ఉంది. కానీ నేను పొగ చూశానని నువ్వు చెప్పకు, నీకు వాసన వచ్చిందని నేను చెప్పను. ఇదిగో, ఇక్కడ నిలబడాలంటే ఇవి పెట్టుకో." రెక్కకింద నుంచి రెండు మోదుగాకు ఉండలు తీశాడు.

నూకయ్య చెయ్యి చాపి తీసుకున్నాడు. ఒకటి ముక్కులో పెట్టుకున్నాడు కూడా. అలవాటు అలాంటిది. రెండోది పెట్టుకోబోతూ కిందికి చూశాడు. కొండవాలు పొడుగునా బోదగడ్డి పసుపు పచ్చగా ఊగుతోంది. గాలి తిరిగింది. ఉండ చేతిలోంచి జారిపోయింది. ఇంటివైపు పరుగందుకున్నాడు.

సగం దారిలో ఉండగానే వెనక భళ్లుమంది. గుహ కప్పు కూలింది. పులిగారు తోక అంటుకుని కొండ దిగి ఊటవైపు పరుగెత్తారు. పాత పొయ్యిలోని కప్ప మీదినుంచి దూకి నీళ్లలో పడ్డారు. నిప్పు బోదగడ్డిలోకి దిగింది.

నూకయ్యకు అది ముందు ముంగిస నడక నడిచినట్టనిపించింది, తర్వాత గుర్రపు పరుగు తీసినట్టనిపించింది. అతని వెనకాలే వచ్చేసింది. రాళ్ల సందులో దూరి, మంట వెళ్లేదాకా కళ్లు మూసుకుని పడుకున్నాడు. లేచి చూస్తే ఎటు చూసినా నలుపు. కలుగు ఏదో దారి ఏదో తెలియలేదు. ముక్కులో ఇంకా ఒక ఉండ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పీకి పారేసి వాసన చూశాడు. పొగ, బూడిద, వాటికింద ఎక్కడో పిల్లల వాసన. దాని వెంట వెళ్లాడు.

నల్లటి నేల మధ్యలో గుండ్రంగా ఒక ఎర్రమట్టి చోటు మిగిలి ఉంది. నిప్పు దాని అంచుదాకా వచ్చి, కాల్చడానికి ఏమీ దొరక్క, చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. మధ్యలో పైడమ్మ కూర్చుని ఉంది. మొహమంతా మసి. నలుగురు పిల్లలూ దగ్గుతున్నారు. నలుగురూ దగ్గుతున్నారో లేదో నూకయ్య రెండుసార్లు చూసుకున్నాడు.

"ఇంకాస్త వెడల్పు పీకాల్సింది," అంది పైడమ్మ. "వేడి లోపలిదాకా కొట్టింది."

సభ ఈసారి సీతాలు ఇంటి ముందు జరిగింది. కొండ కాలిపోయింది కాబట్టి పులిగారు ఆమె ఇంట్లోనే అతిథిగా ఉంటున్నారు. తోకకు ఆకుపసరు కట్టు కట్టారు.

"నా గుహను ఎందుకు తనిఖీ చేయలేదు?" అని గర్జించారు పులిగారు.

వల్లభరావు ఒప్పందంలోని చివరి వాక్యం చదివాడు.

"ఎవరు రాశారది?"

వల్లభరావు నేలచూపులు చూస్తూ, "తమరే చెప్పి రాయించారండి," అన్నాడు.

పులిగారు తోకకట్టు సర్దుకున్నారు. "అయితే మంచి ఉద్దేశంతోనే రాయించి ఉంటాను," అన్నారు. సభ దాన్ని నమోదు చేసుకుంది.

ఇక మిగిలింది విచారణ. నిప్పు ఎక్కడ మొదలైందన్నది సభ పరిధిలో లేదు. నిప్పు వస్తుందని ముందే ఎవరికి తెలుసన్నది మాత్రం పరిధిలో ఉంది. ఎలుగుబంటిగారు కొండెక్కి చూసి వచ్చారు. బోదగడ్డంతా కాలితే ఒక్కచోట మాత్రం నేల శుభ్రంగా ఉంది, గడ్డి ముందే పీకి ఉంది అన్నారు. అందరూ పైడమ్మ వైపు తిరిగారు.

"నిప్పు వస్తుందని మీకెలా తెలుసమ్మా?" అన్నాడు వల్లభరావు, చాలా మర్యాదగా.

"ఎండాకాలం వస్తుందని తెలుసు. కొండమీద నిప్పుందని తెలుసు. గడ్డి ఎండుతుందని తెలుసు."

"మూడూ కలిపి ఆలోచించారన్నమాట."

"ఆలోచించకూడదా?"

"కూడదని కాదు. సభకు చెప్పకుండా ఆలోచించారు." వల్లభరావు సభవైపు తిరిగాడు. "ఇది ప్రకటించని కార్యకలాపం."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "నేను నిప్పు దాచినప్పుడు కూడా ఇంత మర్యాదగా అడగలేదే నన్ను," అన్నాడు. అత్తగారు అతని కాలు తొక్కింది.

నాలుగో ఒప్పందం ఆ రోజే తయారైంది. ఎవరైనా గడ్డి పీకితే ఎంత పీకారో, ఎందుకు పీకారో సభకు చెప్పుకోవాలి. మొదటి తనిఖీ పైడమ్మ ఇంట్లో జరగాలి. తనిఖీదారు నూకయ్య. ఉద్యోగం మానుకుంటానని నూకయ్య చెప్పబోయాడు. పైడమ్మ కళ్లతోనే వద్దంది.

తొలకరి పడి కొత్త గడ్డి మొలకెత్తాక నూకయ్య అధికారికంగా తన ఇంటికి తానే వెళ్లాడు. పైడమ్మ వంగి పీకుతోంది. పిల్లలు పక్కనే, పీకిన గడ్డిలో దొర్లుతున్నారు.

"ఏం చూడ్డానికొచ్చారు దొరవారు?" అంది తలెత్తకుండా.

"ఎంత పీకావో చూసి రమ్మన్నారు."

"చూశావుగా. వెళ్లు."

నూకయ్య వెళ్లలేదు. ఆమె పక్కన కూర్చుని ఒక దుబ్బు పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగితే వచ్చింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ పీకారు.

మర్నాడు సభకెళ్లి విన్నవించాడు. "చూశానండి. ఖాళీ వెడల్పు చాలదు. ఇంకా పెంచమని ఆదేశించాను."

ఆదేశం జారీ అయింది కదా అని సభ సంతోషించింది. ఆదేశం ఒక్క ఇంటికే అయితే పక్షపాతం అంటారని అందరిళ్లకూ వర్తింపజేశారు. ఆ వేసవికి సీతాలు ఇంటి చుట్టూ, గవర్రాజు గుహ చుట్టూ, చివరికి దుప్పుల గుట్ట చుట్టూ కూడా గడ్డి పీకి ఉంది. దాన్ని సభ తన మొదటి విజయంగా ప్రకటించుకుంది.

పులిగారు ఇంకా సీతాలు ఇంట్లోనే ఉన్నారు. కొత్త కొరివి ఒకటి సంపాదించారు గానీ పెట్టుకోవడానికి గుహ లేదు. ఆమె పొయ్యిలోనే ఉంచారు. ఆమె పొయ్యి కాబట్టి నూకయ్య రోజూ వెళ్లి కొరివిని, దుంపల్ని, తొక్కల్ని, వరసలో భాగంగా పులిగారి తోకను కూడా వాసన చూసి వస్తాడు. పులిగారు పళ్లు కొరుక్కుంటారు. సీతాలు ఇద్దరికీ దుంపలు పెడుతుంది.

ఈ కథకు నీతి ఉందని సభ ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఉందని పట్టుబట్టేవాళ్లు చెప్పేది ఇది: తగలబెట్టినవాళ్లను అడిగే అధికారం లేనప్పుడు, గడ్డి పీకినవాళ్లను అడగాలి.